కువైట్ వీసా వచ్చిందంటే: అప్పు చేయకముందు చదవాల్సిన కాగితాలు

రాయచోటిలోగానీ రాజంపేటలోగానీ ‘వీసా వచ్చింది’ అన్నారంటే వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చిందని అర్థం. సగం అరబ్బీ, సగం ఇంగ్లీషు. దాన్ని ప్రింటు తీయించి, వడ్డీకిచ్చే ఆసామి ముందు పెట్టేవాళ్లు చాలామంది. కూర్చుని చదివేవాళ్లు తక్కువ. చదవడానికి అరబ్బీ రానక్కర్లేదు. రెండు అంకెలు గుర్తుపట్టగలిగితే సగం పని అయినట్టే.

ఆ కాగితంలో ‘మాద్దా’ అనే మాట ఉంటుంది. ఏ ఆర్టికల్ కింద వీసా ఇచ్చారో చెప్పేది అదే. దాని పక్కన అరబ్బీ అంకె ఉంటుంది. అక్షరాలు కుడి నుంచి ఎడమకు పోయినా అంకెలు మాత్రం మన లాగే ఎడమ నుంచి కుడికి చదవాలి. నిలువు గీత మీద కొక్కెం లాంటి వంపు, దాని కుడిపక్కన ఉత్త చుక్క ఉంటే అది 20. వాళ్ల సున్నా చుక్కే. ఉత్త నిలువు గీత, దాని కుడిపక్కన గుడిసె కప్పు లాగా రెండు వాలు గీతలు పైన కలిసి ఉంటే అది 18. ఏజెంటు ‘కంపెనీ వీసా, సూపర్ మార్కెట్‌లో పని’ అని చెప్పి, కాగితంలో కొక్కెమూ చుక్కా కనిపిస్తే మాట్లాడేందుకు ఇంకేం మిగల్లేదు. అది ఇంటిపని వీసా.

మనవాళ్ల మాటల్లో 20 అంటే ఖాదిం (ఇంటిపని) వీసా, 18 అంటే షూన్ (కంపెనీ) వీసా. తేడా పేరులో లేదు, చట్టంలో ఉంది. 18 మీద పోయినవాళ్లకు కువైట్ ప్రైవేటు రంగ కార్మిక చట్టం, అంటే 2010 నాటి 6వ నంబరు చట్టం వర్తిస్తుంది. 20 మీద పోయిన వంటవాళ్లు, ఇంటిపని ఆడవాళ్లు, ఇంటి డ్రైవర్లకు ఆ చట్టం వర్తించదు. వాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వేరుగా తెచ్చారు. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, పని మానేసేటప్పుడు చేసిన ఏడాదికొక నెల జీతం, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు. ఇవన్నీ అందులో ఉన్నాయి. కనీస జీతం 60 దినార్లని 2016లో నిర్ణయించారు. కాగితం మీద బాగానే ఉంది. నాలుగు గోడల మధ్య గంటలు లెక్కపెట్టేదెవరన్నదే ప్రశ్న. అయినా చట్టంలో ఏముందో తెలిసిన మనిషి, తెలియని మనిషి ఒకే రకంగా మోసపోరు.

‘ముందు ఖాదిం మీద పో, అక్కడికి పోయినాక షూన్‌కి మార్చుకోవచ్చు’ అనే మాట ప్రతి ఏజెంటు నోటా వస్తుంది. మామూలు రోజుల్లో 20 నుంచి 18కి తలుపు మూసే ఉంటుంది. 2024లో జులై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు రెండు నెలలు మాత్రం తెరిచారు. అదీ ఏడాది పని పూర్తయి, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఒప్పుకున్నవాళ్లకే. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో చెప్పే అధికారం కడపలో ఏ ఏజెంటుకూ లేదు. ఆ ఆశ మీద లక్షన్నర కట్టడం, వాన పడుతుందని చెప్పి చెరువులో చేపలు అమ్మడం లాంటిది.

ఇక ఆజాద్ వీసా. ఆజాద్ అంటే స్వేచ్ఛ. ఇంతకంటే మోసపు పేరు ఇంకోటి దొరకదు. కాగితంలో ఒక కువైటీ పేరు ఉంటుంది, పని మాత్రం బయట ఎక్కడ దొరికితే అక్కడ. ఆ కువైటీకి ఏటా ఇంత అని ముట్టజెప్పాలి, అకామా (అక్కడ ఉండే అనుమతి) రెన్యూవల్‌కి వేరే. అకామాలో పేరున్న యజమాని దగ్గర తప్ప వేరే చోట పని చేస్తూ తనిఖీలో దొరికితే పంపించేస్తారు. హసావియాలోనో ఫర్వానియాలోనో రాత్రి రెయిడ్ జరిగిందంటే ముందు అడిగేది బతాకా (సివిల్ ఐడీ కార్డు), తరవాత ‘ఎక్కడ పని చేస్తున్నావు’. 2025 జనవరి 5 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నివాస చట్టంలో వీసాలు అమ్ముకునేవాళ్లకు మూడు నుంచి ఐదేళ్ల జైలు, 5,000 నుంచి 10,000 దినార్ల జరిమానా పెట్టారు. అంటే మీకు వీసా అమ్మిన కఫీల్ కూడా భయంలో ఉంటాడు. భయపడ్డ కఫీల్ ముందు చేసే పని ఏమిటంటే, మీరు పారిపోయారని బలాగ్ (ఫిర్యాదు) పెట్టి తన చేతులు దులుపుకోవడం. బలాగ్ పడ్డ క్షణం నుంచి మీరు ఖల్లివల్లి, అంటే అక్కడ అక్రమంగా ఉన్న మనిషి.

అది ఆ దేశపు గేటు. మన దేశపు గేటు ఇంకొకటి ఉంది. మన జిల్లాలో గొడవలన్నీ ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం పాస్‌పోర్టులు రెండు రకాలు. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర ఉన్నవి, లేనివి. ముద్ర ఉందంటే కువైట్, సౌదీ, ఎమిరేట్స్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, మలేసియా లాంటి 18 దేశాలకు ఉద్యోగానికి పోయేటప్పుడు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (వలస పోయేవాళ్ల రక్షణ చూసే కేంద్ర అధికారి) అనుమతి కావాలి. మనకు ఆ ఆఫీసు హైదరాబాదులో ఉంది. ముద్ర ఏమీ లేకపోతే ఈసీఎన్నార్ (ఎమిగ్రేషన్ చెక్ నాట్ రిక్వైర్డ్) అన్నట్టే, అనుమతి అక్కర్లేదు. 2018 జనవరిలో ఈసీఆర్ వాళ్లకు నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామన్నారు, చదువుకోనివాళ్లకు రంగు వేస్తారా అని గోల లేస్తే ఆ నెలాఖరుకే విరమించుకున్నారు. రంగు పోయింది, ముద్ర మిగిలింది.

ఈ ముద్ర చాలామందికి అవసరం లేకుండానే పడుతోంది. పదో తరగతి పాసైనవాళ్లకు ఈసీఆర్ ఉండదు. పాస్‌పోర్టుకు అప్లై చేసేటప్పుడు మార్కుల మెమో జత చేయకపోతే, ఇంటర్‌నెట్ సెంటరు అబ్బాయి ఆ గడి దగ్గర ‘కాదు’ అని కొట్టేస్తే, ముద్ర వచ్చి కూర్చుంటుంది. 50 ఏళ్లు దాటినవాళ్లు, ఒక ఏడాది ఆదాయపన్ను నిజంగా కట్టిన రుజువు ఉన్నవాళ్లు, మొత్తం మీద మూడేళ్లకు పైగా విదేశంలో ఉండి వచ్చినవాళ్లు కూడా దాన్ని తీయించుకోవచ్చు. మూడేళ్లు ఒకే దఫా కానక్కర్లేదు. రెండేళ్లొకసారి, ఏడాదిన్నర ఇంకోసారి అయినా చెల్లుతుంది, పాత పాస్‌పోర్టులో ముద్రలు కనిపించాలి. అందుకే పాత పాస్‌పోర్టును పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి. పన్ను విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. సున్నా రిటర్న్ వేసి ఆ కాగితం పట్టుకుపోతారు. రిటర్న్ వేయడం చాలదు, పన్ను కట్టి ఉండాలి. రీఇష్యూకి 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. కడపలో పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రం ఉంది కాబట్టి దీనికి తిరుపతి దాకా పోవాల్సిన పని లేదు.

పది పాస్ కానివాళ్లకు దొంగ మెమో తెచ్చిచ్చేవాళ్లు ఉన్నారు. వద్దు. పాస్‌పోర్టు చట్టం 12వ సెక్షన్ ప్రకారం తప్పుడు సమాచారానికి రెండేళ్ల జైలు దాకా ఉంది. అంతకంటే ముందు, బోర్డుతో సరిచూస్తే పాస్‌పోర్టే పోతుంది. మన ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పది పాసైనా ముద్ర తీసేస్తారు. వయసుకు గరిష్ఠ పరిమితి లేదు. ఏడాది ఆగి పరీక్ష రాసి పోయిన మనిషికి, అప్పు చేసి ఈ నెలలోనే పోయిన మనిషికి మధ్య తేడా పదేళ్ల పాటు ఉంటుంది.

ఆడవాళ్ల సంగతి వేరే. ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్న ఆడమనిషి ఇంటిపనికి ఈ 18 దేశాల్లో దేనికి పోవాలన్నా 30 ఏళ్లు నిండాలి. 2016 ఆగస్టు నుంచి ప్రైవేటు ఏజెంటు ఆమెను పంపకూడదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే పోవాలి. మన రాష్ట్రంలో అది ఓమ్‌క్యాప్ (ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ ఆంధ్రప్రదేశ్). నిబంధన పెట్టినవాళ్ల ఉద్దేశం రక్షణే. కానీ మన పల్లెల్లో ఇల్లు గడవక పోయే ఆడబిడ్డ వయసు సాధారణంగా ఎంత? పాతికో, ఇరవై ఏడో. భర్త తాగి పడిపోతాడు, చీనీ తోట ఎండిపోతుంది, అప్పు ఆగదు. మూడేళ్లు ఆగమని చట్టం చెప్తుంది, ‘ఆగనక్కర్లేదు అక్కా, నేను చూసుకుంటా’ అని ఏజెంటు చెప్తాడు. గెలిచేది ఏజెంటే. తలుపు మూస్తే మనుషులు ఆగిపోతారనుకోవడం పాలకుల భ్రమ. దొడ్డిదారిన పోతారు, అంతే.

ఆ దొడ్డిదారులు రెండు. మొదటిది పుట్టిన తేదీ మార్చడం. పాతికేళ్ల అమ్మాయి పాస్‌పోర్టులో 31 అవుతుంది. ఆధార్‌లో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, పాస్‌పోర్టులో ఇంకొకటి. పోయేటప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. ఇబ్బంది తరవాత. పాస్‌పోర్టు రెన్యూవల్‌కి వచ్చినప్పుడు ఆధార్‌తో పొసగదు. తేదీ సరిచేయమంటే ‘మొదట తప్పు చెప్పారా’ అని అడుగుతారు. ఏదన్నా ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ డబ్బు రావాల్సి వస్తే, ఇంట్లోవాళ్లు చూపే కాగితాలకూ పోయిన మనిషి పేరున్న కాగితాలకూ తేదీ కలవదు. కడుపులో దుఃఖం పెట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పరిస్థితి అది.

రెండోది పుషింగ్. ఈ మాట మన జిల్లాలోనూ గోదావరి జిల్లాల్లోనూ అందరికీ తెలుసు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో టూరిస్టుగా పోయేవాళ్లకు ఎమిగ్రేషన్ అనుమతి అక్కర్లేదు. ఆ సందులోంచే పంపుతారు. చేతికి దుబాయ్‌కో మస్కట్‌కో విజిట్ వీసా, చూపించడానికి తిరుగు టికెట్టు, ఒక హోటల్ బుకింగ్ ఇస్తారు. కౌంటర్‌లో ‘అక్క కూతుర్ని చూసి రావడానికి పోతున్నా’ అని చెప్పమంటారు. అసలు వీసా ఏజెంటు మనిషి ఫోన్‌లో ఉంటుంది, అక్కడ దిగాక చేతికొస్తుంది. ఇక్కడ ఎయిర్‌పోర్టులో అధికారి నాలుగు ప్రశ్నలు అడిగి అనుమానం వస్తే ఆఫ్‌లోడ్ చేస్తాడు, అంటే విమానం ఎక్కనివ్వడు. టికెట్టు డబ్బు పోతుంది, అప్పు మిగులుతుంది. ఆఫ్‌లోడ్ అయినవాళ్లు దాన్ని దురదృష్టం అనుకుంటారు. విమానం ఎక్కగలిగినవాళ్ల పరిస్థితి అంతకంటే కష్టం. దుబాయ్‌లో గదిలో పెడతారు, ఫోటోలు పంపుతారు, ఏ ఇంటివాళ్లు ముందు డబ్బు కడితే ఆ ఇంటికి. ఆ ఇంట్లో బాబా (యజమాని), మామా (యజమానురాలు) కొట్టినా, తిండి పెట్టకపోయినా, ‘నేను పోతా’ అంటే ‘నీ కోసం ఇంత కట్టాం, అది కట్టి పో’ అంటారు. మన ఎంబసీ దగ్గర ఆమె పేరుతో ఒప్పందం లేదు, యజమాని చిరునామా లేదు. ఆమె దేశం దాటింది టూరిస్టుగా.

ఎమిగ్రేషన్ క్లియరెన్స్‌ను అందరూ అడ్డంకిగా చూస్తారు. నిజానికి అది మీ పేరుతో తెరిచిన ఒక ఫైలు. ఎవరు పిలిచారు, ఎంత జీతం, ఏ ఏజెంటు, లైసెన్సు నంబరు ఎంత, అన్నీ కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో ఉంటాయి. ఫీజు 200 రూపాయలు. దాంతో పాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. ప్రీమియం రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375, పన్ను వేరే. అక్కడ యజమాని మారినా బీమా చెల్లుతుంది. నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా రాయించుకోండి. ‘షేక్’ ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండటం వల్ల ఆగిపోయే క్లెయిములు ఉంటాయి. ఈసీఎన్నార్ వాళ్లకు ఇదంతా తప్పనిసరి కాదు గానీ, కావాలనుకుంటే అదే పోర్టల్లో పేరు నమోదు చేసుకోవచ్చు. చేసుకోవడం మంచిది.

కాగితం విలువ మన పెద్దవాళ్లకు ఒకసారి తెలిసొచ్చింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌లోకి జొరబడినప్పుడు మనవాళ్లు ఎడారిలోంచి అమ్మాన్ దాకా వచ్చి విమానం ఎక్కారు. తరవాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్, అలా వెళ్లిపోవాల్సి వచ్చిన ఒక్కొక్కరికి 2,500 నుంచి 4,000 డాలర్ల దాకా ఇచ్చింది. అప్పుడు కువైట్‌లో ఉన్నట్టు రుజువు ఉన్నవాళ్లకే.

ఏజెంటు విషయం. లైసెన్సున్న రిక్రూటింగ్ ఏజెంటు మీ దగ్గర తీసుకోదగ్గది 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. అంతకు మించి అడిగితే నేరం. సబ్ ఏజెంటు అనేవాడికి చట్టంలో స్థానమే లేదు. ఊళ్లో మేనమామ వరసయ్యే మనిషి ‘హైదరాబాద్ ఆఫీసు తరఫున’ అంటే, ఆ ఆఫీసు లైసెన్సు నంబరు అడిగి ఈ-మైగ్రేట్‌లో యాక్టివ్ ఏజెంట్ల జాబితాలో చూడండి. అదే సైటులో అనుమతి లేని ఏజెంట్ల పేర్ల జాబితా కూడా ఉంటుంది. పేరు దొరికితే అంతటితో ఆగకండి. ఆ ఆఫీసుకు మీరే ఫోన్ చేసి, ఫలానా మనిషి మీవాడేనా, ఫలానా డిమాండ్ (మనుషులు కావాలన్న ఆర్డరు) మీ దగ్గర ఉందా అని అడగండి. పేరున్న ఆఫీసు లైసెన్సు నంబరును తమ విజిటింగ్ కార్డు మీద అచ్చేసుకునే ఘనులున్నారు.

డబ్బు చేతికివ్వకండి. బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో ఇవ్వండి, ‘దేనికోసం’ అన్న చోట వీసా అని రాయండి. ‘బ్యాంకులో వద్దు, ట్యాక్స్ ప్రాబ్లెం’ అన్నవాడు ఏజెంటు కాదు. మోసం జరిగితే సోమవారం గ్రీవెన్స్‌లో ఎస్పీకో కలెక్టరుకో అర్జీ ఇవ్వొచ్చు, హైదరాబాద్ ప్రొటెక్టర్‌కూ పంపొచ్చు. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090. కానీ ఏ అర్జీకైనా వెన్నెముక ఆ రసీదే. నోటిమాట మీద ఎఫ్ఐఆర్ కట్టించడం ఎంత కష్టమో స్టేషన్ మెట్లు ఎక్కినవాళ్లకే తెలుసు.

లెక్క ఒకసారి వేద్దాం. దినారు సుమారు 280 రూపాయలు అనుకుంటే, 60 దినార్ల జీతం నెలకు 16,800. ఆజాద్ వీసా కోసం లక్షన్నర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 3,000 వడ్డీకే పోతుంది. అకామా, ఫోన్, తిండి తీసేస్తే అసలు తీరడానికి ఏడాది పైనే పడుతుంది. చట్టబద్ధమైన 35,400 అయితే మూడు నాలుగు నెలల్లో తీరిపోతుంది. ‘ఎక్కువ కడితే మంచి వీసా’ అన్న నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ఇంతమందిని ముంచిన నమ్మకం ఇంకోటి లేదు.

మెడికల్ గురించి క్లుప్తంగా. గల్ఫ్ దేశాలన్నిటికీ ఒకటే విధానం, వాఫిద్. పాతవాళ్లు ఇంకా గామ్కా అనే అంటారు. ఆన్‌లైన్లో స్లిప్ తీసుకుంటే సెంటరు పేరు వస్తుంది. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, ఛాతీ ఎక్స్‌రే, ఆడవాళ్లకు గర్భ పరీక్ష ఉంటాయి. ఎక్కువగా దెబ్బతీసేది ఎక్స్‌రే. ఎప్పుడో చిన్నప్పుడు టీబీ వచ్చి నయమైనా ఊపిరితిత్తుల మీద మచ్చ ఉంటే అన్‌ఫిట్ అంటారు. కాబట్టి వీసాకు డబ్బు కట్టకముందే మీ ఊరి దగ్గర ఒక ఎక్స్‌రే తీయించుకోండి. నాలుగైదు వందలతో పోతుంది. ‘అన్‌ఫిట్‌ని ఫిట్ చేయిస్తా’ అనేవాడి మాట వినకండి. ఫలితం ఆన్‌లైన్లో నమోదవుతుంది, ఆరు దేశాలూ చూస్తాయి. పైగా అకామా వేయకముందు కువైట్‌లో మళ్లీ పరీక్ష చేస్తారు. ఇక్కడ దాటినా అక్కడ దొరుకుతారు.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ (పీసీసీ) పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే అప్లై చేయాలి, ఫీజు 500. దాన్ని విదేశాంగ శాఖ, తరవాత కువైట్ ఎంబసీ అటెస్ట్ చేయాలి. ఇక్కడ మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఊళ్లో గొడవ జరిగితే ఫిర్యాదులో ఆ ఇంటి మగవాళ్లందరి పేర్లూ రాయించడం మనకు ఆనవాయితీ. ఆ రోజు ఊళ్లోనే లేని పిల్లాడు ఏ-11, అంటే పదకొండో నిందితుడు అవుతాడు. అయిదేళ్ల తరవాత వీసా వచ్చినప్పుడు పీసీసీ ఆగుతుంది. అప్పుడు పరుగెత్తడం కాదు, పాస్‌పోర్టుకు పెట్టకముందే మీ పేరు మీద ఏదైనా కేసు ఉందేమో కోర్టు వెబ్‌సైటులో చూసుకోవాలి. ఉంటే లోక్ అదాలత్‌లో రాజీ కుదురుతుందా అని చూడాలి, లేదా కేసు నడుస్తుండగానే విదేశం పోవడానికి కోర్టు అనుమతి తెచ్చుకోవాలి. పాస్‌పోర్టు ఆఫీసు ఆ ఉత్తర్వును గౌరవిస్తుంది, అందులో రాసిన గడువు మేరకు.

వేలిముద్రల సంగతి చెప్పకుండా ఉండలేం. కువైట్ ఒకసారి డిపోర్ట్ చేసిందంటే మీ వేళ్లు అక్కడ ఉండిపోతాయి. పేరు మార్చి, కొత్త పాస్‌పోర్టు తీసి, మళ్లీ పోయి ఎయిర్‌పోర్టులోనే తిరిగొచ్చినవాళ్లు ఒకప్పుడు చాలామంది. 2022లో రాచకొండ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. కువైట్ నుంచి పంపేసినవాళ్లకు వేళ్ల కొసల్లో చర్మం కోసి, లోపలి కండ కొంచెం తీసి, మళ్లీ కుట్టేసేవారు. మనిషికి 25,000 రూపాయలు. గాయం మానేసరికి గీతలు కొద్దిగా మారతాయి. ఆ ఆపరేషన్లలో కొన్ని కడపలోనే జరిగాయి. ఇప్పుడు వేళ్లు కోయించుకున్నా లాభం లేదు. కువైట్ పది వేళ్లతో పాటు ముఖం, కంటిపాపలు కూడా తీసుకుంటోంది. పరదేశీలకు దానికి గడువు 2024 డిసెంబరు 31తో ముగిసింది. కళ్లు మార్చేవాడు ఇంకా పుట్టలేదు.

డిపోర్టేషన్ వేరు, క్షమాభిక్ష వేరు. 2024 మార్చి 17 నుంచి జూన్ 30 దాకా ఇచ్చిన క్షమాభిక్షలో అకామా లేనివాళ్లు జరిమానా లేకుండా వెళ్లిపోవచ్చని, మళ్లీ కొత్త వీసా మీద రావచ్చని ప్రకటించారు. పాస్‌పోర్టు లేనివాళ్లకు ఎంబసీ ఔట్‌పాస్ (ఇంటికి రావడానికి తాత్కాలిక ప్రయాణ పత్రం) ఇచ్చింది. ఆ గడువు దాటాక దొరికినవాళ్లు వేలిముద్రలు ఇచ్చి డిపోర్ట్ అయ్యారు. ‘ఇంకోసారి ఇస్తార్లే’ అని ఆగినవాళ్లు ప్రతిసారీ ఉంటారు.

వెళ్లేవాళ్లు ఇంట్లో ఒక కవరు పెట్టి పోవాలి. పాస్‌పోర్టు రెండు వైపులా జిరాక్సు, వీసా కాగితం, ఒప్పందం, బీమా పాలసీ, ఏజెంటు రసీదులు, కఫీల్ సివిల్ ఐడీ నంబరు. అకామా వేసిన వెంటనే బతాకా ఫోటో ఇంటికి పంపాలి. మనిషి ఫోన్ ఎత్తకపోతే ఇంటివాళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్లో ఫిర్యాదు చేయాలన్నా, ఎంబసీకి మెయిల్ పెట్టాలన్నా మొదట అడిగేవి అవే. ‘కువైట్‌లో ఎక్కడో పని చేస్తోంది సార్’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. ఆ దేశంలో మన దేశంవాళ్లే పది లక్షల మంది దాకా ఉన్నారు.

సెలవు మీద వచ్చేవాళ్లకు రెండు కొత్త లెక్కలు. 18 మీద ఉన్నవాళ్లు 2025 జులై 1 నుంచి దేశం దాటాలంటే యజమాని ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి, అది కువైట్ ప్రభుత్వ సహెల్ యాప్‌లో అడగాలి. టికెట్టు ముందే కొనుక్కుని, యజమాని ఒప్పుకోక చెన్నై విమానం పోగొట్టుకోవద్దు. పర్మిట్ వచ్చాకే టికెట్టు. 20 మీద ఉన్నవాళ్లు నాలుగు నెలలకు మించి కువైట్ బయట ఉంటే అకామా పోతుంది, ముందుగా అనుమతి తీసుకుంటే తప్ప. ఇదివరకు ఆరు నెలలుండేది, మన ఊళ్లలో ఇంకా ఆరు నెలల లెక్కే నడుస్తోంది. చెల్లెలి పెళ్లి, ఆ తరవాత ఉరుసు, ఆ తరవాత ఇల్లు స్లాబు అనుకుంటూ కూర్చుంటే నాలుగు నెలలు తెలియకుండా పోతాయి. కువైట్ ఎయిర్‌పోర్టులో బయటికి ముద్ర పడ్డ తేదీని క్యాలెండరులో గుండ్రం చుట్టి, మూడున్నర నెలల దగ్గర తిరుగు టికెట్టు కొని పెట్టుకోండి.